ఒక్కపొద్దులో ఉప్పిండి

"ఏమైనా తిన్నారామ్మా?" అని పొద్దున్నే నర్సు అడిగింది. మదనపల్లె ఆసుపత్రిలో గాల్‌బ్లాడర్ రాళ్ళ ఆపరేషనుకు నా వంతు కోసం కూర్చుని ఉన్నాను. కత్తికి భయపడే వయసు దాటిపోయిందని అందరికీ చెప్పుకున్నాను గానీ, మాటిమాటికీ గోడ గడియారం వంకే చూస్తున్నాను. అయినా ఆ ప్రశ్నకు నవ్వొచ్చింది. దానికి కారణం మా మేనత్త.

అత్తది చౌడేపల్లె దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ కిందట ఆమెకూ ఇదే ఆపరేషను, కుప్పంలో. నెల ముందునుంచే ఒంటిని సిద్ధం చేసుకోమన్నాడు డాక్టరు: పొగాకు మానాలి, రోజూ నడవాలి, గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి. ఎన్నేళ్ళనుంచో నములుతున్న పొగాకును ఒక్క పూటలో గోడవతల పారేసింది. నడక దగ్గర మాత్రం, "ఆవుల ఎనకాల తిరిగేది నడక గాక ఇంకేందంట?" అని దబాయించింది. ఇక మనసంటారా, అదంతా పాడి ఆవు మీదే. అది ఆమెను తప్ప ఎవరినీ పొదుగు ముట్టనిచ్చేది కాదు. వారం రోజులు మామకు తన చీర చుట్టి పాలు పితకడం అలవాటు చేయించింది. పాపం మామ, కొట్టం తడిక మూసుకుని పితికేవాడు.

చదువుకున్నదాన్నని ఆసుపత్రికి నన్ను తోడు తీసుకెళ్ళారు. ముందురోజు నర్సు, "రేపు ఫాస్టింగ్" అని చెప్పి వెళ్ళింది.

"అంటే ఏంది పాపా?"

"ఒక్కపొద్దు అత్తా" అని గొప్పగా తెలుగు చేసి చెప్పాను.

"ఓస్, అంతేనా! శనివారం శనివారం ఉండేదే గదా."

తెల్లవారి ఆపరేషను గది ముందు డాక్టరు స్ట్రెచర్ ఆపి, ఏమైనా తిన్నావా అని అడిగాడు. "లేదు సామీ, ఒక్కపొద్దుండాను" అంది అత్త. నేనూ తల ఊపాను. ఆయన మా పక్కనే ఉన్న పుంగనూరు మనిషి, మా వైపు మాటలు తెలిసినవాడు. "సరే, పలారం ఏం జేసినావమ్మా?" అన్నాడు.

"రోంత ఉప్పిండి సామీ. అన్నం ముట్టలా."

మా వైపు ఒక్కపొద్దంటే అన్నం మానడమే. ఉప్పిండి, దోసె పలారం కింద జమ, వాటికి దోషం లేదు. నేను స్నానానికి వెళ్ళినప్పుడు మామ క్యాంటీన్ నుంచి తెచ్చిపెట్టాడట. డాక్టరు ఆపరేషను మరుసటి రోజుకు మార్చి, నన్ను పక్కకు పిలిచాడు. కడుపులో తిండి ఉండగా మత్తిస్తే వాంతి అయ్యి ఊపిరికి అడ్డం పడుతుందనీ, ప్రాణమే పోయేదనీ చెప్పాడు. అత్తను చంపబోయింది నా తెలుగే కదా! వార్డులో ఏడుస్తూ కూర్చుంటే ఆమే నా తల నిమిరి, "యాల ఏడుస్తాండావు? తినింది నేను గదా" అంది. మర్నాడు ఆపరేషను బాగానే జరిగింది.

ఇప్పుడు నా వంతు వస్తుందనగా అత్తే పల్లెనుంచి ఫోన్ చేసింది.

"పలారం గూడా తినలా గదా పాపా?"

"మంచినీళ్ళు కూడా ముట్టలేదత్తా. నువ్వు తిన్నావా?"

"లేదు. నువ్వు బయటికొచ్చినావని తెలిసినాకనే తింటా."

"ఈ వయసులో నీకెందుకత్తా ఒక్కపొద్దు?"

"ఒక్కపొద్దు గాదు పాపా. ఫాస్టింగు."

స్ట్రెచర్ తెచ్చారు. ఫోన్ మావారి చేతికిచ్చాను. నేను తప్పుగా చెప్పిన మాట సరైన అర్థంతో నా దగ్గరికి తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టింది.