మోకాలు వంగని నడక

మా ఊరు పెదబయలు దాటి, తారు రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి ఇంకా పైన, కొండ మీద ఉంటుంది. పాడేరులో డిగ్రీ చదివేటప్పుడు మా వ్యాయామ మాస్టారు నన్ను పరుగు పందెంలో పెట్టి, నా పరుగు చూశాక నడక పందేనికి మార్చారు. "కొండోడివి, నడక నీ రక్తంలోనే ఉంటుందిరా" అన్నారు.

రక్తంలో ఉన్నది వేరే నడక. కొండెక్కేటప్పుడు మేం మోకాలు వంచి ఎక్కుతాం. పందెంలో అలా నడిస్తే బయటికి పంపేస్తారు. ముందుకేసిన కాలు నేలను తాకింది మొదలు ఒంటి కిందికి వచ్చేదాకా మోకాలు కర్రలా ఉండాలి. రెండు కాళ్లూ ఒకేసారి గాల్లోకి లేవకూడదు. అలాగే వేగంగా పోవాలంటే నడుము తిప్పక తప్పదు. పుట్టినప్పటి నుంచీ నడిచిన నడక మరిచిపోవడానికి నాకు చాలా కాలమే పట్టింది.

ఒకరోజు ఘాట్ రోడ్డు మీద నడుము తిప్పుకుంటూ పోతుంటే ఒక జీపు డ్రైవరు పక్కన ఆపాడు.

"ఏటి గుంటడా, కడుపు పాడైనాదేటి? బేగి ఎక్కు, దింపేత్తాను."

"లేదు బావా, నడక ప్రాక్టీసు సేత్తన్నాను."

"నడకకి ప్రాక్టీసేటి? మీయమ్మ ఏ కాలేజీలో నేర్సుకుందిరా?"

జీపు జీపంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది గానీ, నవ్వితే మోకాలు వంగుతుంది.

ఆ నడకే నన్ను విదేశంలో జరిగే అంతర్జాతీయ విద్యార్థి క్రీడలకు తీసుకెళ్లింది. మాతో వచ్చిన మేనేజరు గారికి కోటు, టై, మెడలో కార్డు అన్నీ ఉన్నాయి. ఏ పందేనికి వచ్చామన్నది మాత్రం ఆయనకు చివరిదాకా తెలియలేదు. చుట్టు తిరిగి నేను ఎదురుగా వచ్చిన ప్రతిసారీ, దారి పక్కన కట్టిన తాడు పట్టుకుని అరిచేవారు.

"పరుగెత్తు బాబూ! అందరూ నడుస్తున్నారు, ఇదే ఛాన్సు!"

దారిలో చిన్న ఎత్తు ఒకటుంది. అది కనబడగానే నా మోకాళ్లు కొండ బుద్ధి చూపించాయి. జడ్జి ఒకామె హెచ్చరికగా పసుపు బిళ్ల ఎత్తి చూపింది. కాసేపటికి బోర్డు మీద నా నంబరు పక్కన ఒక ఎర్ర గుర్తు పడింది, తర్వాత ఇంకోటి. మూడోది పడితే బయటికే. అది పడకుండా ఆ ఎత్తు దగ్గర ప్రతిసారీ నెమ్మదించాను. నన్ను దాటిపోయేవాళ్లను చూస్తూ పళ్లు కొరికాను. చివరి వరసలో ఎక్కడో పూర్తిచేసి, గడ్డి మీద కూలబడి ఏడ్చాను. ఓడినందుకు కాదు, బయటికి పంపనందుకు.

పాడేరులో సన్మానం పెట్టారు. ఫ్లెక్సీ మీద ఎవరో పరుగెత్తేవాడి ఒంటికి నా తలకాయ అతికించారు. మెరిసే బూట్లేసుకున్న పెద్దాఫీసరు గారు శాలువా కప్పి మైకు పట్టుకున్నారు.

"రోడ్లు లేకపోవడం వల్లే ఈ కొండల్లో ఇలాంటి ఆణిముత్యాలు పుడుతున్నాయి!"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను. తర్వాత మా అమ్మను రెండు ముక్కలు చెప్పమన్నారు.

"రోడ్డు లేకే మావోడు ఇంతోడైనాడంతన్నారు కదా బాబూ. మొన్న మా తోటికోడల్ని పురుటికి డోలీ కట్టి కొండ దింపినోళ్లకి ఏ కప్పూ ఇయ్యలేదేటి?"

ఆఫీసరు గారు గట్టిగా నవ్వి, "అమ్మ సరదా మనిషి. వచ్చే వారం మీ ఊరు నేనే నడిచి వస్తా" అన్నారు.

అన్నట్టే వచ్చారు, ఫొటోగ్రాఫరుతో సహా. తారు రోడ్డు చివర కారు దిగి, కొండ వైపు తలెత్తి చూశారు. నాతో చెయ్యి కలిపి ఫొటో దిగారు. "ఎండ బాగా ఉందయ్యా" అని కారెక్కారు.

పైకెళ్లేసరికి అమ్మ ఆయన కోసమని కోడి కూర వండి పెట్టింది. జరిగింది చెప్పాను.

"పోన్లేరా, ఆ బూట్లకి జారిపడేవోడు" అని మా కంచాల్లో వడ్డించింది.