నసీమక్క బోసి తెర

ఆ సాయంత్రం మా నసీమక్క కంప్యూటర్ తెర మీద రెండు విండోలు పక్కపక్కన నిలబెట్టింది. ఒకదాంట్లో ఒక రైతు పాస్‌బుక్కు, రెండోదాంట్లో పంట నమోదు పేజీ. కాసేపు వాటి చోట్లు మార్చి చూసుకుంది. "హమ్మయ్య" అని కంప్యూటర్ కట్టేసి, షట్టర్ దించి ఇంటికెళ్ళింది. అన్నం తిని పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

అక్క పూర్తి పేరు నసీమున్నీసా. వినుకొండ బస్టాండు వెనక సందులో ఆన్‌లైన్ సెంటర్ నడిపేది. చుట్టుపక్కల ఊళ్ళ మిర్చి రైతులు, పత్తి రైతులు పంట నమోదుకీ ఆధార్ మార్పులకీ అక్కడికే వచ్చేవాళ్ళు. మా రహమాన్ బావ ఒకప్పుడు పత్తి జిన్నింగ్ మిల్లులో పని చేశాడు. మిషను ఆయన కుడిచేతి నాలుగు వేళ్ళూ తీసేసుకుంది. అప్పటినుంచి షాపు వరండాలో, వీధి వైపు తిరిగి కూర్చుని జిరాక్స్‌లు తీసేవాడు. లోపల అక్క, బయట బావ.

పోయిన ఏడాది నుంచి అక్క కంప్యూటర్‌ను ఏదో చేయడం మొదలుపెట్టింది. యూట్యూబ్‌లో చూసి, ఒక్కొక్కటే తీసేస్తూ పోయింది. తెర మీద బొమ్మల్లేవు, కింద పట్టీ లేదు, విండో మూసే గుర్తు కూడా లేదు. చివరికి మౌస్ తీసి అటక మీద పెట్టింది. ఏదైనా తెరిస్తే దానంతటదే తెరంతా పరుచుకునేది. రెండోది తెరిస్తే మొదటిది సర్దుకుని సగం చోటిచ్చేది. మిర్చి రైతు పిచ్చమ్మ ఒకసారి తెరలోకి వంగి చూసి నవ్విందట.

"ఏందమ్మా, మీ కంప్యూటరుకి గుండు కొట్టించావా?"

"జుట్టుంటే పేలు వెతుక్కోవాలి పిన్నీ," అంది అక్క.

నేనూ అడిగాను, ఇదంతా ఎందుకని. "పని తొందరగా అవుద్ది," అంది. అప్పటికే సందులో అందరికంటే తొందరగా చేసేది తనే. ఇంకేం తొందరో నాకు అర్థం కాలేదు. పెళ్ళికి బట్టలు కుట్టినా గుండీలు పెట్టేదాకా ఎవరికీ చూపించని మనిషి. మళ్ళీ అడగలేదు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక బావ షాపు తెరుద్దామన్నాడు.

"నువ్వు నేర్పమ్మాయ్, నేను నడుపుతా. ఈ గది వదిలేస్తే నేనెక్కడ కూర్చోవాలి? ఇంట్లో గోడలు చూస్తానా?"

ఆయన పట్టుదలంతా అదే. అక్క కుర్చీ ఖాళీగా పోకూడదు. నేను గుంటూరులో సెలవు పెట్టి వచ్చాను. కంప్యూటర్ వేస్తే నల్లటి తెర వచ్చి ఊరుకుంది. అటక మీది మౌస్ తెచ్చి తగిలిస్తే బాణం గుర్తు తిరుగుతోంది గానీ, నొక్కడానికి ఏమీ లేదు. నేను ఏ మీట నొక్కానో ఒక విండో వచ్చింది. ఇంకేదో నొక్కితే మాయమైంది. మూతబడిందో, ఎక్కడైనా దాక్కుందో తెలియదు. ఇంకొకటి నొక్కితే నాలుగొచ్చి తెరను ముక్కలు చేసుకున్నాయి.

"ఇది మీ అక్క లాగే ఉంది. చెప్పదు," అన్నాడు బావ.

రిపేర్లు చేసే ఆదాంను పిలిచాం. గంటసేపు తల గోక్కున్నాడు.

"వైరస్ కాదండీ. కావాలనే ఇట్టా పెట్టుకుంది మేడం. ఏ మీటకి ఏం పెట్టిందో ఆమెకే తెలియాల. అందరికీ ఉండేది ఎక్కించేదా?"

నేను బావ వైపు చూశాను. ఆయన తెర వైపు చూస్తున్నాడు.

"ఎక్కించెయ్ రా. కనపడితే చాలు."

ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లోకి వచ్చాయి. అక్క ఏర్పాటంతా పోయింది. దాని చోట పచ్చికబయలు, ఆకాశం, బొమ్మలు వచ్చాయి. కాస్త ఊపిరి పీల్చుకున్నాం.

కానీ బావకు కుదరలేదు. ఉన్న ఒక్క చెయ్యి మౌస్ మీద పెడితే టైపు ఆగిపోయేది. టైపు చేస్తుంటే పాస్‌బుక్కు వెనక్కి పోయేది. మళ్ళీ మౌస్ పట్టుకుని దాన్ని వెతికి, నంబరు చూసుకుని ఇటు వచ్చేసరికి సగం మరిచిపోయేవాడు. నిలబడ్డ రైతులు మొదట ఓపిక పట్టారు. తర్వాత, "మళ్ళొస్తాం లేవయ్యా," అని ఎదురు సందులోకి వెళ్ళడం మొదలుపెట్టారు.

"దీనికి రెండు చేతులు కావాలమ్మాయ్. మీ అక్కకి ఉన్నాయి, నడిచింది," అన్నాడు ఒక మధ్యాహ్నం. ఆ నెలాఖరుకు గది ఖాళీ చేస్తానని ఓనరుకు చెప్పాడు.

సామాను ఆటోలో ఎక్కిస్తున్న రోజు పిచ్చమ్మ వచ్చింది. బావ తాళ్ళు కడుతూ బయట ఉన్నాడు. ఆమె అక్క కుర్చీ పట్టుకుని నిలబడింది.

"పాపం, ఆ చెయ్యి ఎట్టుందని నేనన్నా గట్టిగా అడగలేకపోతిని."

"ఎవరి చెయ్యి పిన్నీ?"

"ఇంకెవరిది, నసీమమ్మదే. చివరాఖర్న నేనొచ్చినప్పుడల్లా కుడి చెయ్యి కొంగులో చుట్టి ఒళ్ళో పెట్టుకునేది. ఎడం చేత్తోనే టకటకా కొట్టేది. నెప్పా అంటే, 'లేదు పిన్నీ, ఒక్క చేత్తో అయిద్దో లేదో చూస్తన్నా' అనింది."

అక్క చేతికి ఏ నొప్పీ లేదు.