సముద్రం వైపు ఫీడరు

1999 మార్చి. రుషికొండ దగ్గర ఒక సబ్‌స్టేషన్‌లో నేను షిఫ్ట్ ఆపరేటర్ని. ఆ రోజుల్లో మా పని కరెంటు ఇవ్వడం కన్నా తియ్యడమే ఎక్కువ. జనం తిట్టని రోజు ఉండేది కాదు, మేమూ దులిపేసుకునేవాళ్ళం.

ఫ్రీక్వెన్సీ గురించి రెండు ముక్కలు చెప్పాలి. దక్షిణాది జనరేటర్లన్నీ ఒకే వేగంతో కలిసి తిరుగుతాయి. వేగం సరిగ్గా ఉంటే మీటరు యాభై చూపిస్తుంది. వాడకానికి ఉత్పత్తి చాలకపోతే అన్నీ కలిసి నెమ్మదిస్తాయి, ముల్లు కిందికి జారుతుంది. మరీ జారితే రాష్ట్రాలకు రాష్ట్రాలే చీకటైపోతాయి. అందుకని గ్రిడ్‌ని నడిపే లోడ్ డిస్పాచ్ ఆఫీసు ఫోన్ చేసి "ఇంత లోడు తియ్యి" అనేది. ఏ వైపు లైను, అంటే ఏ ఫీడరు తియ్యాలో మేం వంతులవారీగా చూసుకునేవాళ్ళం. ఆ ఫోన్ రాకముందే ముల్లు పడిపోతే, అండర్ ఫ్రీక్వెన్సీ రిలే అనే పరికరం ఎవర్నీ అడక్కుండా కొన్ని ఫీడర్లను కొట్టేస్తుంది. బెస్తపల్లెకి కరెంటిచ్చే సముద్రం వైపు ఫీడరు వాటిలో ఒకటి.

ఒకరోజు పొద్దున్నే బెస్తపల్లె నుంచి పోలయ్య అనే ముసలాయన వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. ముందురోజు ఆయన కూతురు జ్వరంతో పోయిందట.

"అల్లుడు నూకరాజు సంద్రంలోకి ఏటకెల్లాడు బాబూ. రేపో ఎల్లుండో వొత్తాడు. ఆడొచ్చి పెల్లాం మొకం సూడాల. టౌన్నించి ఫ్రీజర్ పెట్టె తెచ్చి అందులో ఉంచినాం. అందాకా మా లైను తియ్యకండి."

నాకు ఆశ్చర్యమేసింది. "మీ దగ్గర ఐసుంటుంది కదా, అందులో పెట్టలేకపోయారా?"

ఆయన మొహం ఎర్రబడింది. "సేపలేసే ఐసులో నా కూతుర్ని పడుకోబెట్టమంటారేటి?"

నోరు జారినందుకు సిగ్గేసింది. "నా చేతుల్లో ఉన్నంతవరకు మీ లైను తియ్యను. కానీ రిలే నా మాట వినదు పెద్దాయనా. అది కొట్టేస్తే నేనేం చెయ్యలేను" అన్నాను.

"తియ్యనన్నారు, సాలు బాబూ" అని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. నా మాటలో ఆయనకి కావాల్సిన సగమే ఆయన విన్నాడు.

వాళ్ళ వంతు వచ్చినప్పుడు పక్క ఫీడరునే రెండోసారి తీశాను. ఆ కాలనీవాళ్ళు ఫోన్లో నా ఏడు తరాలనీ తిట్టారు. ఫర్వాలేదనుకున్నాను. మధ్యాహ్నం ఎక్కడో పెద్ద జనరేటరు ఆగిపోయి ముల్లు ఒక్కసారిగా పడింది. చూస్తుండగానే సముద్రం వైపు బ్రేకరుని రిలే టప్పున కొట్టేసింది.

లోడ్ డిస్పాచ్‌కి ఫోన్ చేశాను. సంగతంతా చెప్పి, "ఒక్క ఫీడరే కదా సార్" అని బతిమాలాను. "అందరూ 'ఒక్క ఫీడరే' అంటున్నారయ్యా. ఇప్పుడు ఎక్కిస్తే మొత్తం పోతుంది" అన్నాడాయన. ఆయన చెప్పింది నిజమే. ఆ నిజం మీదే నాకు ఒళ్ళు మండిపోయింది.

సాయంత్రానికి అనుమతి వచ్చింది. లైను ఎక్కించిన కాసేపటికే రిలే మళ్ళీ కొట్టేసింది. ఆ ఉక్కలో శవం పాడవుతోందని పెద్దలు ఇక ఆగలేదు. చీకటి పడకముందే శ్మశానానికి తీసుకెళ్ళిపోయారు.

నూకరాజు మర్నాడే వచ్చాడు. ఆ సాయంత్రం మామగారితో కలిసి నా దగ్గరికొచ్చాడు. కొడతాడేమో అనుకున్నాను. ఉప్పు పట్టిన బట్టలతోనే నేలమీద కూలబడ్డాడు.

"మీ తప్పేటుంది బాబూ. పది రోజులు నడిసంద్రంలో తిరిగినా సేప కన్ను సెడకుండా తెత్తాను నాను. ఐసులో పెట్టుంటే దాని మొకం సూసీవోడ్ని" అన్నాడు.

పక్కన నిలబడ్డ పోలయ్య రెండు చేతులతో తల బాదుకున్నాడు. ఆయన్ని ఆపడానికి మా ఇద్దరికీ చేతులు రాలేదు.

ఆ తర్వాత పెళ్ళని వచ్చినా, పరీక్షలని వచ్చినా, ఎవరికీ "తియ్యను" అని చెప్పలేదు. "కరెంటు పోతుంది, వేరే ఏర్పాటు చేసుకోండి" అనేవాణ్ణి, వాళ్ళు సరేననేదాకా గేటు దగ్గరే నిలబెట్టి. గుండె లేనివాడన్నారు. అననిచ్చాను.