నొరీన్ వెళ్ళాకే గెలిచాం

ఆస్ట్రేలియాలోని మా బరూనా ఊళ్ళో ఫుట్‌బాల్ మైదానం కంచె చుట్టూ కార్లు ఆపుకుని, వాటిలోంచే ఆట చూస్తాం. తమ జట్టు గోలు కొడితే ఎవరి హారన్లు వాళ్ళు మోగిస్తారు. మా జట్టు వీరాభిమాని నొరీన్ కారు చోటు నలభై ఏళ్ళుగా గోలుపోస్టుల వెనకే.

మా దేశపు ఫుట్‌బాల్‌లో గోలుకి ఆరు పాయింట్లు. ఓ శనివారం, నాలుగు భాగాల ఆటలో మూడు ముగిసేసరికి మా జట్టు నలభై పాయింట్లు వెనకబడింది.

"వీళ్ళ కాళ్ళు పడిపోను! బంతిని తన్నమంటే బుజ్జగిస్తున్నారు!" అని తిట్టి నొరీన్ ఇంటికి వెళ్ళిపోయింది. బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే హారన్లే హారన్లు. అవతలి ఊరివాళ్ళ పొగరనుకుని కిటికీ ధడాలున మూసేసింది.

మర్నాడు బేకరీలో మాంసం కూరి కాల్చిన వేడి వేడి మీట్ పైలు కొరుకుతూ అందరం అదే ముచ్చట.

"వరసగా ఏడు గోల్స్! రెండు పాయింట్ల తేడాతో గెలిచేశాం," అన్నాడు బేకరీ క్లెమ్.

"నేను లేనప్పుడా?" నొరీన్ మండిపడింది.

"నువ్వు లేవు గనకే!"

ఆ వారమంతా ఆమె బేకరీ గడప తొక్కలేదు.

మరుసటి శనివారం మైదానానికి వచ్చేసరికి ఆమె చోటు మారిపోయింది. బయటికి వెళ్ళే గేటు పక్కన, కారు ముఖం రోడ్డువైపు ఉండేలా సున్నంతో గీత గీసి, పేరు కూడా రాసిపెట్టాం.

నొరీన్ మమ్మల్నందరినీ పేరుపేరునా తిట్టి, కారు అక్కడే పెట్టింది. ఇంజను మాత్రం ఆపలేదు.