ఇంజన్ మీద పసుపు గీతలు

మెల్లన్న అసలు పేరు మెల్లన్న కాదు. ఆ షెడ్డులో ఎవరు అడుగుపెట్టినా, కారు తలుపు ముట్టుకున్నా, ఆఖరికి కాస్త గట్టిగా తుమ్మినా "మెల్లగా, మెల్లగా" అంటూ వెంటపడేవాడు గనక వీధివాళ్ళు ఆ పేరు పెట్టారు. అంతటి జాగ్రత్తపరుడు చేసిన నిర్వాకం వినండి.

షెడ్డులో ఉన్నది రెండు సీట్ల పందెం కారు. నేలకి జానెడెత్తులో, ఇంజన్ వెనక పెట్టుకుని పడుకున్నట్టు ఉంటుంది. అలాంటివి నలభై మాత్రమే చేసి ఆ కంపెనీ మూతపడింది. అయ్యగారు దాన్ని కొన్న ఏడాదే మెల్లన్నని పనిలో పెట్టుకున్నారు. వారానికోసారి స్టార్ట్ చేయడం, నెలకోసారి ఊరి బయటిదాకా తిప్పడం, నూనె మార్చడం, ఎలుకలు వైర్లు కొరక్కుండా కాపలా కాయడం. ఇలా ఇరవై ఆరేళ్ళు గడిచాయి. కన్నకూతుర్ని కూడా ఇంత ముద్దుగా చూసుకోలేదని పెళ్ళాం దెప్పేది. ఉన్నమాటే.

అయ్యగారు పోయాక అమ్మగారు కారు అమ్మేద్దామన్నారు. ఆవిడ మోకాళ్ళు మేడమెట్లు ఎక్కనివ్వడం లేదు. కారు అమ్మిన డబ్బుతో మెట్లు లేని చిన్న ఇల్లు కొనుక్కోవాలని ఆశ. వెల కట్టే ఆవిడ గురువారం వస్తుందని కబురొచ్చింది. ఇక మెల్లన్న ఆగుతాడా? మంగళవారం పొద్దున్నే కిరసనాయిలు, పాత బనీను ముక్క పట్టుకుని ఇంజన్ మీద పడ్డాడు. అయ్యగారు ఉన్నన్నాళ్ళూ దాన్ని పొడిగుడ్డతో దులపనిచ్చేవారే గానీ తడి తగలనిచ్చేవారు కాదు. ఎందుకని అడిగే చనువు మెల్లన్నకి లేదు. డబ్బున్నవాళ్ళ చాదస్తంలే అని సరిపెట్టుకున్నాడు. ఇంజన్ మూత మీదా గొట్టాల మీదా ఎవరో పసుపు సుద్దతో గీసిన పిచ్చిగీతలు నాలుగుండేవి. వాటిని మరీ పట్టిపట్టి తోమాడు. మధ్యాహ్నానికి ఇంజన్ తళతళలాడింది. అయ్యగారుంటే మెచ్చుకునేవారని కూడా అనుకున్నాడు, పిచ్చిమారాజు.

బుధవారం అమ్మగారు కళ్ళజోడు పెట్టుకుని, వెల కట్టే ఆవిడ రాసిన ఉత్తరం చదివి వినిపించారు. ఫ్యాక్టరీలో ఒక్కో భాగాన్నీ సరిచూసినవాళ్ళు పసుపు సుద్దతో గుర్తు పెట్టేవారట. ఆ గుర్తులు చెరగకుండా మిగిలిన బండి ఇదొక్కటేనని అయ్యగారు ఒకప్పుడు ఆవిడకి చెప్పారట. అదే నిజమైతే ధర రెట్టింపు పలుకుతుందట. దయచేసి ఎవరినీ గుడ్డ పెట్టనివ్వద్దట.

మెల్లన్నకి నిన్నటి బనీను ముక్క గుర్తొచ్చింది.

"ఉన్నాయి కదయ్యా?" అని అడిగారు అమ్మగారు.

"ఉన్నాయమ్మా" అనేశాడు.

ఆ మాట ఎలా వచ్చిందో వాడికే తెలియదు. ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతుంటే భార్య గుచ్చిగుచ్చి అడిగి సంగతి రాబట్టింది. ఇప్పుడే వెళ్ళి చెప్పేయమంది. అమ్మగారు నోరు పారేసుకునే మనిషి కూడా కాదు కదా అంది. మెల్లన్న భయమంతా అదే. తిట్టే మనిషైతే నాలుగు తిట్లు తిని దులుపుకుపోవచ్చు. ఆవిడ తిట్టదు, ఊరికే చూస్తుంది. ఆ చూపుకి ఎదురు నిలవడం వాడి వల్ల కాదు. చెప్పొస్తానని బయల్దేరినవాడు కాస్తా పుస్తకాల కొట్టు దగ్గర ఆగి పసుపు సుద్ద కొన్నాడు.

గీతలు ఎక్కడెక్కడుండేవో వాడికి కళ్ళు మూసుకున్నా తెలుసు. మూత మీద అడ్డగీత, రెండో గొట్టం మీద జంటగీతలు, కింద కొడవలిలాంటి వంపు, మూల ఒక చుక్క. గీసినవాటిమీద దుమ్ము ఊది, ఇంజన్ నడిపి వేడిచేశాడు. పాతవాటిలాగే ఉన్నాయి. అయినా రాత్రంతా వాడికి కంటిమీద కునుకు లేదు.

గురువారం వచ్చిన ఆవిడ చిన్న వయసుదే. టార్చి, భూతద్దం, గుడ్డలో చుట్టిన అయస్కాంతం తెచ్చుకుంది. అయస్కాంతం అంటుకోని చోట రంగు కింద లప్పం దాగి ఉన్నట్టు లెక్క. అంగుళం అంగుళం చూసింది. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దింది. ఆవిడ తల ఊపినప్పుడల్లా అమ్మగారి మొహం వెలుగుతోంది, మెల్లన్నకి చెమటలు పోస్తున్నాయి. ఆఖరికి వెనకమూత ఎత్తి వంగింది. చాలాసేపు లేవలేదు. వేలు తడిచేసుకుని అడ్డగీత మీద రుద్దింది. వేలు చూసుకుంది. వాసన చూసింది.

"ఇవి మొన్నో నిన్నో గీసినవి" అంది మామూలుగానే. ఒక్కటి కల్పించినవాళ్ళు ఇంకేం కల్పించారో తనకి తెలియదంది. నంబరు కూడా అనుమానించాల్సిందేనంది. తర్వాత అమ్మగారివైపు తిరిగి, గుర్తులున్నాయని మొదట తనతో చెప్పింది అయ్యగారేనని గుర్తుచేసి, ఈ మోసం ఆయన హయాంలో మొదలైందేమో అంది.

అమ్మగారు కుర్చీ చేతిని పట్టుకున్నారు.

మెల్లన్న అప్పుడు తప్పించుకోవచ్చు. పోయినవాళ్ళు వచ్చి కాదనరు. తేలుకుట్టిన దొంగలా ఊరుకుంటే గండం గడిచిపోయేదే. అయినా నోరు తెరిచాడు.

"అయ్యగారినేం అనకండమ్మా. అసలువి ఉండేవి. మంగళవారం నేనే తుడిచేశాను. ఇవి నేనే గీశాను."

వెల కట్టే ఆవిడ వాడిచేత ఒక్కో గీతా ఎక్కడుండేదో వేలు పెట్టించి చూపించుకుంది. భూతద్దం పెట్టి వెతికితే బోల్టు సందులో, కిరసనాయిలు గుడ్డ దూరని చోట, ఆవగింజంత పాత పసుపు కనిపించింది. బండి అసలైనదేనంది. అమ్ముడుపోతుంది కానీ ఆ రెట్టింపు మాట మర్చిపోవాలంది.

మెల్లన్న తలెత్తలేకపోయాడు.

"తుడిచినందుకు కాదయ్యా" అన్నారు అమ్మగారు. "ఉన్నాయి కదా అని నిన్ను అడిగాను."

అని లోపలికి వెళ్ళిపోయారు. మెట్లెక్కుతున్న చప్పుడు వినిపించింది. మెట్టుకోసారి ఆగుతున్నారు.

వెల కట్టే ఆవిడ బండి తాలూకు దస్త్రం తెరిచింది. మార్చిన ప్రతి టైరుకీ, ప్రతి బల్బుకీ అందులో రసీదుంది. జీతగాడి పనికి రసీదెవరిస్తారు? ఇరవై ఆరేళ్ళ చాకిరీ అందులో ఎక్కడా లేదు. ఆవిడ కొత్త కాగితం మీద "ఫ్యాక్టరీ గుర్తులు తుడిచి, మళ్ళీ గీసిన మనిషి" అని రాసి, పేరు అడిగింది. బండి ఏ ఇంటికి పోయినా ఈ కాగితం కూడా పోతుందని చెప్పింది.

మెల్లన్న ఇంటిపేరుతో సహా తన అసలు పేరు చెప్పాడు. కింద సంతకం పెట్టాడు.