మూసేముందు అడిగే ఎస్తేర్ అక్క

ల్యాప్‌టాప్‌లో ఫ్యాను ఉన్నట్టుండి గొంతు పెంచింది. మీటల కింది వేడి అరచేతులకు తగులుతోంది. తెర మీద బాణం గుర్తు కదలనంటోంది. ఏం నడుస్తోందో చూస్తే, నేను పిలవని ప్రోగ్రాములు బోలెడు వెనక చేరి మెమరీ అంతా తినేస్తున్నాయి. ఇలాంటప్పుడు అందరూ చేసే పని ఒక్కటే, పవర్ బటన్ నొక్కి పట్టుకోవడం. నా వేలూ ముందు అటే వెళుతుంది. వెళ్లిన వేలు ఆగుతుందంటే ఎస్తేర్ అక్క వల్లే. ఆమెను ఎరిగినవాళ్లు డర్బన్‌లోనే తగ్గిపోతున్నారు, అందుకని రాసిపెడుతున్నాను.

దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ల పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి ఏళ్లలో నేను కాకినాడ నుంచి డర్బన్‌కు ఉద్యోగానికి వెళ్లాను. ఆఫీసులకు కంప్యూటర్లు బాగుచేసి పెట్టే చిన్న సంస్థ, దాన్ని నడిపేది ఎస్తేర్ అక్క. ఆమె ముత్తాతలు విశాఖ వైపు నుంచి చెరకు తోటల్లోకి వచ్చినవాళ్లు. తాతల కాలంలో ఇంట్లో రాములవారి పటం ఉండేదట, ఆమె మాత్రం పెంతెకోస్తు క్రైస్తవురాలు. మాట్లాడేది ఇంగ్లీషు. తెలుగులో ఆమెకు మిగిలినవి వరుసలు, కూరల పేర్లు, తిట్లు, ఇంట్లో వాడే నాలుగు ముక్కలు. మొండికేసిన యంత్రాన్ని "సచ్చినోడా, లే!" అని శుభ్రమైన తెలుగులో తిట్టేది. తిట్టేముందు కళ్లు మూసుకుని చిన్న ప్రార్థన చేసుకునేది. ఈ రెండూ ఒకే నోట ఎలా వస్తాయో నాకు అర్థమయ్యేది కాదు. రీస్టార్ట్ చేస్తే సగం జబ్బులు కుదురుతాయని నా సిద్ధాంతం. అది తప్పు కూడా కాదు.

ఒక ఆదివారం డర్బన్ శివారు సీ కౌ లేక్‌లోని వాళ్లింట్లో ప్రార్థన కూటానికి పిలిచింది. వాన పడుతోంది. గుమ్మం దగ్గర చెప్పులన్నీ కుప్పపడి తలుపు తెరుచుకోవడం లేదు. నేను కాలితో పక్కకు నెట్టబోతే ఆపి, తనే వంగి ఒక్కో జత తీసి, "ఇది ఎవరిది?" అని లోపలికి కేకేసి అడిగి మరీ పక్కన పెట్టింది. తలుపు తెరుచుకునేసరికి పాట ఒకటి అయిపోయింది. ఎంత చాదస్తమో అనుకున్నాను.

ఆ చాదస్తం విలువ ఊళ్లో ఒక లాయరు ఆఫీసులో తెలిసింది. పాత ప్రభుత్వం లాక్కున్న తమ ఇళ్లూ నేలా తిరిగి ఇమ్మని అడగడానికి జనం వస్తున్న రోజులవి. వచ్చినవాళ్లు చెప్పేదంతా ప్రిసిల్లా అనే టైపిస్టు ల్యాప్‌టాప్‌లో కొట్టేది. చెప్పేవాళ్లు ముగించి, చదివించుకుని, సరే అన్నాకే సేవ్ చేయడం ఆ ఆఫీసు పద్ధతి. వాళ్లు ఒప్పుకోని మాట యంత్రంలో దాచడం మర్యాద కాదని వాళ్ల భావం. తనంతట తాను సేవ్ అయ్యే సదుపాయాన్ని కూడా ఆపేశారు.

మేం వెళ్లేసరికి తెర బిగుసుకుపోయి ఉంది. ఎదురుగా మన తెలుగు ముసలావిడ ఒకామె, కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. ఉమ్‌గేని నది ఒడ్డున ఉన్న తన ఇంటి గురించి పొద్దుటినుంచీ చెబుతోందట. అదంతా సేవ్ కాకుండా ఆ తెర వెనకే ఉంది. రీస్టార్ట్ చేస్తే ఒక్క అక్షరం మిగలదు.

నేను మూడు మీటలు కలిపి నొక్కాను. నడుస్తున్న ప్రోగ్రాముల పట్టీ చాలాసేపటికి పైకొచ్చింది. చదివి చూస్తే సగానికి సగం అనవసరం. ఒక్కొక్కటీ మూసేద్దామంటే అక్క వినలేదు.

"ఏమి తొందర నీకి? కూసో," అంది. తర్వాత ప్రిసిల్లా వైపు తిరిగి, తెర మీది పేరు చూపించి, "ఇది ఎవరిది?" అని ఇంగ్లీషులో అడిగింది.

"నాదే ఆంటీ. రోజూ పొద్దున ఒక బైబిల్ వాక్యం చూపిస్తుంది."

"ఇవాళ్టిది చదివావా?"

"చదివాను."

"అయితే దేవుడేమీ అనుకోడు. మూసెయ్."

ఫ్యాక్స్ ప్రోగ్రాము లాయరుది. ఏదైనా వస్తూ ఉందేమోనని ఆయన్ని పక్క గది నుంచి పిలిపించి, ఏమీ రావడం లేదన్నాక మూయించింది. వైరస్ కాపలా ప్రోగ్రాములు రెండున్నాయి, ఎవరో మరమ్మతువాళ్లు పాతది తీయకుండా కొత్తది పెట్టిపోయారు. ఒకదాన్నొకటి అనుమానిస్తూ మెమరీ తెగ తింటున్నాయి. అందులో ఒకటి మూయగానే తెర పూర్తిగా నిలిచిపోయింది. నాకు ఓపిక నశించింది. వేళ్లు మళ్లీ ఆ మూడు మీటల మీదికి వెళ్లాయి. అక్క తన చేయి నా చేతి మీద పెట్టింది.

"మళ్లీ నొక్కితే యంత్రం మొదటికొస్తుంది. ఆవిడ ఇల్లు పోతుంది, చెల్లీ."

కూర్చున్నాం. అక్క యంత్రాన్ని తిట్టలేదు, ముసలావిడతో కరివేపాకు గురించి మాట్లాడింది. నాకు నిజంగా భయమేసింది. కాసేపటికి హార్డ్‌డిస్క్ గరగరమంది, తెర కదిలింది, ప్రిసిల్లా టైపు చేసిన ఆఖరి వాక్యం కనబడింది. అక్క ముసలావిడను అడిగింది, "అవ్వా, దాచనా?" ఆవిడ తలూపాక సేవ్ చేసి, ఫ్లాపీలోకి కూడా ఎక్కించింది.

"నా కరేపాకు సెట్టు ఉందా అందులో?" అంది అవ్వ. "ఇల్లు పడగొట్టీసినారు. సెట్టు ఒకటే ఉండిపోయింది."

అక్క ఆ వాక్యం వెతికి చూపించింది. అవ్వకు చదువు రాదు. చూపించిన చోట తెర మీద వేలు పెట్టి, అలాగే ఉంచింది.

తిరిగి వస్తూ కారులో నేను ఉండబట్టలేక అడిగాను, "అక్కా, ఆవిడకు అన్నీ గుర్తున్నాయి కదా. పోయినా మళ్లీ చెప్పేది."

"చెప్పేది," అంది అక్క, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "ఒకసారి పోలీసులొచ్చి ఆ ఇంట్లోంచి బయటికి పంపారు. ఇవాళ చెబుతూ చెబుతూ మళ్లీ ఆ గుమ్మం దాటి వచ్చింది. మన తొందర కోసం ఇంకోసారి దాటమందామా?"

తర్వాత ఆమె బ్రేకుల గురించి ఏదో అంది, నేను ఊఁ కొట్టాను.

అవ్వకు ఆ నేల దక్కిందో లేదో నాకు తెలియదు, అంతలో నేను వేరే ఉద్యోగానికి మారాను. అక్క పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు యంత్రాలకు మెమరీ బోలెడు, చాలావరకు వాటంతట అవే సేవ్ చేసుకుంటాయి. నాతో పనిచేసే కుర్రవాళ్లు బిగుసుకున్న ల్యాప్‌టాప్ చేతికి రాగానే బటన్ వెతుకుతారు. నేను వాళ్ల చేతి మీద చేయి పెట్టి, ల్యాప్‌టాప్ తెచ్చిన మనిషికి కుర్చీ చూపించి, ఇందాకటి వరకు అందులో ఏం రాసుకుంటున్నారని అడుగుతాను.