నాన్న ఆపొద్దన్న ఆట

మా ఇళ్ళల్లో ఒట్టు పెట్టుకోకూడదు. మాది లూథరన్ క్రైస్తవ కుటుంబం, ఆ విషయంలో నాన్న చాలా గట్టి. కాబట్టి ఒట్టేసి చెప్పను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే. నమ్మితే నమ్మండి, లేకపోతే నా పిచ్చి అనుకోండి. నేను దెయ్యాలను నమ్మే మనిషిని కాదు. అప్పట్లో రేపల్లెలో మండలాఫీసులో గుమాస్తాను. రోజంతా ఫైళ్ళ ముందు కూర్చునేదానికి దెయ్యాల మీద అంత ఓపిక ఉండదు.

తొంభైలు అయిపోవస్తున్న రోజులవి. తమ్ముడు బాపట్లలో చదువుతుండేవాడు. ఒకసారి సెలవులకు వస్తూ, తెనాలిలో రైలు మారేటప్పుడు స్టేషను దగ్గర షాపులో ఒక టీవీ గేము కొన్నాడు. ఒకే ఒక్క క్యాసెట్టు. నాలుగు రోజులు ఆడి, మోజు తీరిపోయి, ఇంట్లో వదిలేసి వెళ్ళిపోయాడు. అది నాన్నకు పట్టుకుంది.

నాన్న రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆ గేములో నిక్కరు వేసుకున్న ఒక బుల్లి మనిషి కుడివైపుకు నడుస్తూ ఉంటాడు. గుంతలు దూకాలి, ముళ్ళు తప్పించుకోవాలి. వాడు నడిచేకొద్దీ వెనక అడవి ఎడమవైపుకు జరిగిపోతుంది. అందరూ వాణ్ణి పరుగెత్తిస్తారు. నాన్న మాత్రం రెండు అడుగులు వేయించి ఆపేవాడు. చెట్టు చూసేవాడు. మళ్ళీ రెండు అడుగులు... మళ్ళీ ఆపి చూసేవాడు.

"ఇది మిషను గీసింది కాదమ్మాయ్. ఎవడో కుంచెతో వేశాడు. ఆ ఆకు చివర చూడు, రంగెక్కువై కిందికి కారింది" అనేవాడు.

"నాన్నా, టైము అయిపోతే వాడు చచ్చిపోతాడు" అనేదాన్ని.

"చస్తే చచ్చాడులే. మళ్ళీ పుడతాడుగా."

అంత నిదానంగా ఆడితే ఎంత దూరం పోతాడు? అయినా రోజూ కొంచెం కొంచెం ముందుకు పోయేవాడు. చిక్కేంటంటే, స్విచ్చి ఆపితే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. అందుకని పాజ్‌లో పెట్టి, రాత్రంతా అలాగే ఉంచేవాడు. కరెంటు బిల్లు గురించి అమ్మ సణుగుతుండేది.

ఒక సాయంత్రం నాన్న కుర్చీలోంచి ముందుకు ఒరిగిపోయాడు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. డాక్టరు చూసి, లోపల పుండు పగిలింది, వెంటనే గుంటూరు తీసుకుపోండి అన్నాడు. టాక్సీ వచ్చింది. నవారు మంచం మీదే వాకిట్లోకి మోశారు. అమ్మ గట్టిగా ప్రార్థన చేస్తోంది. నాన్న నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"గేము ఆపకమ్మాయ్... పాజ్‌లో పెట్టాను. వచ్చి చూసుకుంటా."

"ప్రాణం మీదికొస్తే గేమేంటండీ!" అని అమ్మ ఏడుస్తూ కసిరింది.

"ఆపను నాన్నా" అన్నాను. ఆ క్షణంలో ఏం అడిగినా సరే అనేదాన్ని.

అమ్మ నాన్నతో టాక్సీలో వెళ్ళింది. తమ్ముడు బాపట్ల నుంచి సరాసరి గుంటూరు వెళ్ళాడు. నేను ఇంట్లోనే ఉండిపోయాను. మాకు ఫోను లేదు. ఏ కబురైనా ఎదురింటి పోస్టుమాస్టరు గారి ఫోనుకు రావాలి, దానికి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. ఇంకో కారణం కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఆ గేము ఆరిపోతే నాన్న రాడేమో అనిపించింది. చదువుకున్నదాన్నే. అయినా అనిపించింది.

అన్నం తినలేదు. టీవీ ముందు చాప వేసుకుని కూర్చున్నాను. తెర మీద బుల్లి మనిషి ఒక కాలు పైకెత్తి అలాగే ఆగిపోయి ఉన్నాడు. వాడి పక్కన తొర్ర ఉన్న ఒక చెట్టు. తెర మధ్యలో పాజ్ అన్న ఇంగ్లీషు అక్షరాలు. అర్ధరాత్రి దాటింది. వీధిలో కుక్క కూడా అరవడం లేదు.

టప్‌మని ఫ్యాను ఆగింది. టీవీ ఆరిపోయింది...

అయితే చీకట్లో గేము పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. మా ఇంటికి మూడు ఫేజులు. హాల్లో ఉన్న ఒక్క ప్లగ్గు టీవీకే సరిపోవడంతో, గేముకు లోపలి గదిలోంచి పొడుగు వైరు లాగాం. అంటే హాలు ఫేజు ఒక్కటే పోయిందన్నమాట. టార్చి పట్టుకుని వరండాలోకి వెళ్ళి, ఫ్యూజు పీకి, కరెంటున్న ఫేజులోకి మార్చాను. మా ఊళ్ళో ఆ పని రాని వాళ్ళు లేరు. ఫ్యాను తిరిగింది.

లోపలికి వచ్చాను.

టీవీ ఇంకా వేడెక్కుతోంది. బొమ్మ రాలేదు. ముందు చప్పుడు వచ్చింది.

టక్... టక్.

ఆగింది.

టక్... టక్.

బొమ్మ వచ్చింది. పాజ్ అక్షరాలు లేవు. తొర్ర చెట్టు లేదు. బుల్లి మనిషి నడుస్తున్నాడు. రెండు అడుగులు... ఆగాడు. ఒక తాడిచెట్టు ముందు నిలబడ్డాడు. వంగాడు. లేచాడు. మళ్ళీ రెండు అడుగులు...

ఆడే రిమోటు నాన్న కుర్చీలో ఉంది, మీద ఆయన తువ్వాలు. తువ్వాలు బరువుకు మీట నొక్కుకుందేమో అనుకున్నాను. అలాగే అనుకోవాలని గట్టిగా అనుకున్నాను. వెళ్ళి తువ్వాలు తీశాను. మీటలు అన్నీ పైకే ఉన్నాయి.

టక్... టక్.

నేను వెనక్కి వచ్చి చాప మీద కూర్చుండిపోయాను. వింతేమిటంటే, అప్పటికి నాకు భయం లేదు. చూస్తూ ఉన్నాను. ఒక గుంత దగ్గర చాలాసేపు ఆగాడు. నాన్న కూడా గుంతల దగ్గర అలాగే వెనకాముందాడేవాడు. దూకాడు. అవతల పడి మళ్ళీ నిలబడ్డాడు.

అప్పుడు వంతెన వచ్చింది.

తాళ్ళ వంతెన. దాన్ని నేను ఎప్పుడూ చూడలేదు. ఇవతల చెట్లున్నాయి, రాళ్ళున్నాయి. అవతల... ఏమీ లేదు. ఉత్త తెలుపు. బొమ్మ ఇంకా వేయని కాగితంలా ఉంది. బుల్లి మనిషి వంతెన ముందు ఆగాడు. ఒక అడుగు వేశాడు. ఈసారి ఆగలేదు. ఇంకో అడుగు... ఇంకో అడుగు...

అప్పుడు వచ్చింది భయం. "నాన్నా, ఆగు!" అని అరిచాను. ఎవరిని చూసి అరిచానో నాకే తెలియదు. వైరు రెండు చేతులతో పట్టుకుని లాగేశాను.

ఎర్ర లైటు ఆరింది. తెర నిండా చుక్కలు, చెవులు గింగిర్లెత్తే రొద. టీవీ కూడా కట్టేసి వరండాలోకి వచ్చి కూర్చున్నాను. ఆపనని మాటిచ్చి ఆపేశాను. నాన్నను నా చేతులతో నేనే చంపుకున్నానా అని ఏడ్చాను.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు, పోస్టుమాస్టరు గారు లుంగీ సర్దుకుంటూ రోడ్డు దాటి వచ్చారు.

"అమ్మా సుగుణా, తమ్ముడు ఫోను చేశాడమ్మా. ఆపరేషనైపోయిందంట. మధ్యలో కాసేపు నాడి అందలేదంట, డాక్టర్లే చేతులెత్తేశారంట. మళ్ళీ దానంతటదే అందిందంట. గండం గడిచిందమ్మా."

"ఎన్నింటికండీ?" అన్నాను.

"ఏది?"

"నాడి అందనిది."

"అదడగలేదమ్మా" అన్నారాయన, నన్ను వింతగా చూస్తూ.

అడిగి తెలుసుకున్నా లాభం లేదు. నేను వైరు లాగినప్పుడు గడియారం చూడలేదు.

తమ్ముడికి చెబితే తేలిగ్గా తీసేశాడు. "లోవోల్టేజీకి గేము మళ్ళీ మొదలై ఉంటుందక్కా. కాసేపు ముట్టుకోకపోతే అదే ఆడి చూపిస్తుంది, దాన్ని డెమో అంటారు." నిజమే, అలా ఆడుతుంది. తరువాత పగలు కూర్చుని చూశాను. ఆ డెమోలో వాడు మొదటినుంచి చివరిదాకా పరుగెడతాడు. ఒక్కచోట కూడా ఆగడు. వంతెన కూడా లేదు. అయితే ఆ రాత్రి నేను తిండీ నిద్రా లేకుండా ఉన్నాను, అదీ నిజమే. ఈ రెంటిలో దేన్ని పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మూడు వారాలకు నాన్న ఇంటికొచ్చాడు. చిక్కి సగమయ్యాడు. వచ్చి కుర్చీలో కూర్చుని, ఆరిపోయిన గేము పెట్టెను చూశాడు. కరెంటు పోయిందని చెబుదామని ముందే అనుకుని పెట్టుకున్నాను. నోరు తెరిస్తే అబద్ధం రాలేదు.

"నేనే తీసేశాను నాన్నా. వైరు లాగేశాను."

నాన్న కోప్పడలేదు. ఎందుకని కూడా అడగలేదు. నా చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మంచిపని చేశావులే అమ్మాయ్. అప్పటికే కాళ్ళు లాగేస్తున్నాయి నాకు."

ఆపరేషను కడుపుకు. ఆ రాత్రంతా ఆయన బల్ల మీద పడుకునే ఉన్నాడు. ఏ కాళ్ళు, ఎక్కడ నడిచావు నాన్నా అని అడగాలి కదా. ఆ తరువాత నాన్న ఇంకా పదకొండేళ్ళు బతికాడు. రోజూ పొద్దున్నే నేనే కాఫీ ఇచ్చేదాన్ని, రోజూ అడగొచ్చు. అడిగితే చెబుతాడేమోనన్న భయంతో ఒక్కరోజు కూడా అడగలేదు.